ఎడమ బీజం కిందికి ఉంది, పైన వానపాముల్లా తగులుతోంది: దేనికి ఊరుకోవచ్చు, దేనికి పరిగెత్తాలి

అనంతపురంలో ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న 16 ఏళ్ళ అబ్బాయి అడిగింది క్లుప్తంగా ఇదీ: ఎడమ వృషణం కుడిదానికంటే కిందికి వేలాడుతోంది. దాని పైభాగాన వానపాముల్లా మెత్తగా ఏవో తగులుతున్నాయి. వెనక గట్టి తీగలాంటిది ఉంది. క్రికెట్ ఆడిన రోజు సాయంత్రం లాగినట్టు నొప్పి. ఫోన్లో వెతికితే క్యాన్సర్ అని వచ్చింది. ఇంట్లో చెప్పాలంటే సిగ్గు. ఏ డాక్టరు దగ్గరికి పోవాలి, అక్కడ ఏం చేస్తారు?

తమ్ముడూ, ఎడమది కిందికి ఉండటం, వెనక తీగ తగలడం, ఈ రెండూ జబ్బులు కావు. వానపాముల్లా ఉన్నదీ సాయంత్రం నొప్పీ కలిపి చూస్తే వేరికోసిల్, అంటే వృషణం పైన సిరలు ఉబ్బడం, అయ్యుండొచ్చు. కంటితో చూడకుండా ఇంతకు మించి చెప్పడం సరికాదు. ఒక వారం పది రోజుల్లో తీరిగ్గా పోయి సర్జన్‌కి చూపించుకో. తీరిక లేనిది ఇంకొకటుంది. నువ్వు దాని గురించి అడగలేదు కాబట్టి ముందు అదే చెప్తాను.

వృషణం ఒక తాడుకి వేలాడుతుంటుంది. రక్తం తెచ్చే ధమని, తీసుకుపోయే సిరలు, నరాలు అన్నీ ఆ తాడులోనే ఉంటాయి. కొందరికి పుట్టుకతోనే వృషణం వెనకభాగం సంచి గోడకు అతుక్కుని ఉండదు. గుడిగంటలో నాలుక ఊగినట్టు ఊగుతుంటుంది. అలాంటివాళ్ళలో ఏదో ఒక రోజు అది గిరుక్కున తిరిగి తాడు మెలిపడుతుంది. దీన్నే టార్షన్ అంటారు. 12 నుంచి 18 ఏళ్ళ వయసులో ఎక్కువ. ఆటలోనో దెబ్బ తగిలాకో రావచ్చు, ఏమీ లేకుండా నిద్రలోనే రావచ్చు. మెలిపడ్డ తాడులో ముందు సిరలు మూసుకుంటాయి, రక్తం వెనక్కి పోలేక వృషణం వాస్తుంది, తర్వాత ధమని కూడా మూసుకుంటుంది. 6 గంటల్లోపు మెలి విప్పితే చాలావరకు దక్కుతుంది. 12 గంటలు దాటితే ఆశ బాగా తగ్గుతుంది. 24 గంటలైతే దాదాపు లేనట్టే.

ఎలా తెలుస్తుందంటే, ఉన్నట్టుండి ఒక పక్క విపరీతమైన నొప్పి. కడుపులో తిప్పి వాంతి వస్తుంది. నొప్పి పొత్తికడుపుకు పాకుతుంది. ఆ పక్క వృషణం పైకి లాక్కుపోయినట్టు, కొందరికి అడ్డంగా తిరిగినట్టు ఉంటుంది. కాసేపటికి సంచి ఎర్రబడి వాస్తుంది. ఒక్కోసారి మెలిపడి దానంతట అదే విడిపోతుంది, నొప్పి అరగంటలో మాయమౌతుంది. అలా ఒకటి రెండుసార్లు వచ్చిపోయినవాళ్ళు 'తగ్గింది కదా' అని ఊరుకోకూడదు. ఆ వారంలోనే చూపించుకోవాలి, మళ్ళీ మెలిపడితే ఈసారి విడిపోకపోవచ్చు.

లెక్క వేసి చూడు. రాత్రి 2 గంటలకు మొదలైందనుకో. సిగ్గుపడి 'కడుపునొప్పి' అంటావు. తెల్లారేదాకా ఓర్చుకుంటే 6 అయింది. ఊళ్ళో ఆర్ఎంపీ గ్యాస్ అనుకుని సూది వేస్తాడు, తగ్గుతుందేమోనని 8 దాకా చూస్తారు. అక్కడికే 6 గంటలు అయిపోయాయి, ఇంకా బస్సు ఎక్కలేదు. కదిరి నుంచి అనంతపురం సుమారు 90 కిలోమీటర్లు, ఆదోని నుంచి కర్నూలు సుమారు 100. ఈ జబ్బులో వృషణం పోయేది ఎక్కువగా ఆపరేషన్ థియేటర్లో కాదు, 'కడుపునొప్పి' అన్న ఆ ఒక్క మాట దగ్గర.

కాబట్టి ఎప్పుడైనా అలాంటి నొప్పి వస్తే ఇంట్లో ఉన్నది ఉన్నట్టు చెప్పు. వృషణం అనడానికి నోరు రాకపోతే బీజం అను, ఎవరికైనా అర్థమౌతుంది. అర్ధరాత్రయినా 108కి ఫోన్ చేయించు. అనంతపురం, కర్నూలు పెద్దాసుపత్రుల్లో, కడప రిమ్స్‌లో క్యాజువాలిటీ రాత్రంతా తెరిచే ఉంటుంది. దారిలో ఏమీ తినొద్దు, తాగొద్దు, టీ కూడా వద్దు. మత్తు ఇవ్వాలంటే కడుపు ఖాళీగా ఉండాలి. వేడి కాపడం పెట్టొద్దు, చేత్తో తిప్పి చూసుకోవద్దు. లోపలికి పోగానే చెప్పాల్సింది ఒకటే: 'బీజంలో అకస్మాత్తుగా నొప్పి, ఇన్ని గంటలకు మొదలైంది, టార్షన్ ఏమో చూడండి సార్.' గంట కచ్చితంగా చెప్పడం ముఖ్యం, డ్యూటీ సర్జన్ దాన్నిబట్టే కదులుతాడు. డాప్లర్ స్కానింగులో వృషణానికి రక్తం పోతోందా లేదా కనిపిస్తుంది. కానీ లక్షణాలు స్పష్టంగా ఉంటే స్కానింగు కోసం ఆగాల్సిన పని లేదు, తెరిచి చూడొచ్చు. 'స్కానింగు తెల్లారాకే' అని ఎవరన్నా అంటే సర్జన్‌ని పిలిపించమని మీవాళ్ళు గట్టిగా అడగాలి. ఆపరేషన్‌లో మెలి విప్పి, గోరువెచ్చటి సెలైన్ గుడ్డ చుట్టి, రంగు తిరిగొస్తుందా అని కాసేపు చూస్తారు. వస్తే కుట్లతో సంచి గోడకు బిగిస్తారు, రెండో పక్కను కూడా. ఆ పుట్టుక లోపం తరచుగా రెండువైపులా ఉంటుంది కాబట్టి రెండోదాన్ని వదిలిపెట్టరు. ఒకటి తీసేయాల్సి వచ్చినా మిగిలింది బాగుంటే మగతనానికీ పిల్లలకూ మామూలుగా అది సరిపోతుంది.

ఇక నువ్వు అడిగినవి.

ఎడమది కిందికి ఉండటం చాలామంది మగవాళ్ళలో ఉన్నదే. రెండూ ఒకే ఎత్తులో, ఒకే సైజులో ఉండేవాళ్ళే తక్కువ. నువ్వు చెప్పిన తీగ శుక్రవాహిక, అంటే వీర్యకణాలు తీసుకుపోయే గొట్టం. రెండు మూడు మిల్లీమీటర్ల మందం, వేళ్ళ మధ్య దొర్లిస్తే కరెంటు వైరులా గట్టిగా జారుతుంది. దాన్ని గడ్డ అనుకుని వచ్చే కుర్రాళ్ళు తక్కువేం కాదు. వృషణం వెనక నిలువునా మెత్తగా, కాస్త గరుగ్గా అంటుకుని ఉండేది ఎపిడిడిమిస్. దాని పైకొస శనగగింజంత ఉబ్బుగా తగులుతుంది, అదీ మామూలే. వృషణం మాత్రం పొట్టు తీసిన ఉడికిన గుడ్డులా నున్నగా, కొంచెం సాగినట్టు ఉండాలి. మీ ఊరి ఏప్రిల్, మే ఎండల్లో సంచి బాగా జారి ఉంటుంది, చన్నీళ్ళు పోసుకుంటే ముడుచుకుపోతుంది. వృషణాలకు ఒంటి వేడికంటే రెండు నుంచి నాలుగు డిగ్రీలు తక్కువ కావాలి కాబట్టి ఆ కండరాలు చేసే పనే అది. చర్మం మీద ఆవగింజంత పసుపు చుక్కలు నూనె గ్రంథులు. గిల్లొద్దు.

సైజు భయం ఉంటే ఒక మాట. ఎదిగిన మగవాడి వృషణం 15 నుంచి 25 మిల్లీలీటర్లు, పొడవు నాలుగైదు సెంటీమీటర్లు. యుక్తవయసు మొదలైందనడానికి గుర్తు 4 మిల్లీలీటర్లు. 16 ఏళ్ళకి మధ్యలో ఎక్కడున్నా ఎదుగుతున్నట్టే. 14 దాటినా అసలు ఎదుగుదల మొదలుకాకపోతేనే డాక్టరు చూడాలి. హస్తప్రయోగం వల్ల, నిద్రలో స్ఖలనం వల్ల వృషణాలు చిన్నవి కావు, ఎండిపోవు, నరాలు తెగవు. లాడ్జీ గదుల్లో క్యాంపులు పెట్టి గోడలకు పోస్టర్లు అంటించేవాళ్ళ వ్యాపారమంతా ఈ ఒక్క అబద్ధం మీదే నడుస్తోంది. వాళ్ళ పొట్లాలకు డబ్బు పెట్టొద్దు.

వేరికోసిల్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, నీకు ఉండగలిగింది అదే కాబట్టి. కాళ్ళలో నరాలు ఉబ్బినట్టే వృషణం పైన సిరలు ఉబ్బడం ఇది. ఎడమపక్కే ఎందుకంటే, కుడి వృషణం సిర ఏటవాలుగా పోయి పెద్ద సిరలో కలుస్తుంది, ఎడమది ఇంకా పైకెక్కి ఎడమ కిడ్నీ సిరలో నిలువుగా గుద్దుకున్నట్టు కలుస్తుంది. అంత పొడవున నిలబడ్డ రక్తం బరువు కవాటాల మీద పడి, అవి సరిగా మూసుకోకపోతే రక్తం కిందికి జారి నిలుస్తుంది. యుక్తవయసులో మొదలౌతుంది, నూటికి దాదాపు 15 మంది మగవాళ్ళలో ఉంటుంది. చాలామందికి ఉన్నట్టే తెలియదు. రోజంతా నిలబడ్డాక, పరిగెత్తాక సాయంత్రానికి బరువుగా, లాగినట్టుగా ఉంటుంది. పడుకుంటే తగ్గుతుంది.

ఇంట్లో ఒకసారి చూసుకో. నిలబడి ఉన్నప్పుడు వానపాముల్లా తగిలినవి, వెల్లకిలా పడుకుని రెండు మూడు నిమిషాలయ్యాక తగలకుండా పోతే అది వేరికోసిల్ తీరు. పడుకున్నా అలాగే ఉంటే, లేదా ఎప్పుడైనా కుడిపక్కన మాత్రమే కొత్తగా వస్తే, ఆ మాట డాక్టరుకి తప్పకుండా చెప్పు. పైన కడుపులో ఏదైనా ఆ సిరను నొక్కుతోందేమోనని కడుపు స్కానింగు కూడా చేయిస్తారు.

వేరికోసిల్ ఉన్నంత మాత్రాన ఆపరేషన్ అవసరం లేదు. ఈ వయసులో చూసేది ఒక్కటే: ఆ పక్క వృషణం ఎదుగుదల వెనకబడుతోందా? రెండింటి మధ్య తేడా 20 శాతం దాటి, ఆరు నెలలో ఏడాదో ఆగి మళ్ళీ కొలిచినా అలాగే ఉంటే ఆపరేషన్ మాట వస్తుంది. లేదా నొప్పి చదువుకీ ఆటకీ అడ్డమయ్యేంతగా ఉంటే. అంతవరకు ఏడాదికోసారి కొలత చాలు. ఆడేటప్పుడు బిగుతైన సపోర్టర్ వేసుకో, నొప్పి ఉన్న సాయంత్రం కాసేపు పడుకో. ఆపరేషన్ చేయించుకున్నా కొందరిలో తిరిగి రావచ్చు, కొందరికి వృషణం చుట్టూ నీరు చేరొచ్చు. అందుకే తొందరపడి కోయించుకోవడం మంచిదని నేను అనను.

క్యాన్సర్ గురించి. వృషణంలో క్యాన్సర్ గడ్డ వృషణంలోనే ఉంటుంది. నున్నటి గుడ్డు మీద గులకరాయి అతికినట్టు గట్టిగా, ఎక్కువగా నొప్పి లేకుండా. నువ్వు చెప్పిన మెత్తటివి వృషణానికి బయట, పైన ఉన్నాయి. మన దేశంలో ఏడాదికి లక్షమంది మగవాళ్ళలో ఒకరికి కూడా రాని జబ్బిది. వచ్చినా మొదట్లోనే పట్టుకుంటే నూటికి 95 మందికి పైగా నయమౌతుంది. క్రికెట్ ఆడతావు కాబట్టి చెప్తున్నా, యువరాజ్ సింగ్‌కి ఛాతీలో వచ్చిన సెమినోమా అనే క్యాన్సర్ కూడా ఈ కుటుంబంలోని గడ్డే. కీమోథెరపీ తీసుకుని 2012లోనే మళ్ళీ భారత జట్టుకి ఆడాడు. చిన్నప్పుడు వృషణం సంచిలోకి దిగనివాళ్ళకు మాత్రం ఈ ముప్పు మిగతావాళ్ళకంటే ఎక్కువ. మీ అమ్మను అడిగి చూడు, చిన్నప్పుడు అలాంటి ఆపరేషన్ ఏదైనా అయిందేమో. ఇప్పటికీ ఒక పక్క సంచి ఖాళీగా ఉన్న కుర్రాడు ఎవరైనా ఇది చదువుతుంటే, ఈ నెలలోనే సర్జన్ దగ్గరికి పోవాలి. మామూలుగా ఏడాదిన్నర వయసులోపే చేయాల్సిన ఆపరేషన్ అది.

నెలకోసారి వేడినీళ్ళ స్నానం తర్వాత, సంచి వదులైనప్పుడు, ఒక్కో వృషణాన్ని బొటనవేలికీ మొదటి రెండు వేళ్ళకీ మధ్య మెల్లగా దొర్లించి చూసుకుంటే చాలు. ఒక నిమిషం పని. రోజూ పదిసార్లు నొక్కి చూసుకుంటే నొక్కడంవల్లే నొప్పి పుడుతుంది, ఆ నొప్పి చూసి ఇంకా భయం పుడుతుంది. నీ నొప్పిలో ఇది ఎంతో కొంత ఉండొచ్చని నా అనుమానం.

ఇప్పుడు ఆసుపత్రి. అనంతపురం పెద్దాసుపత్రిలో జనరల్ సర్జరీ ఓపీ చాలు, యూరాలజిస్టు కావాలంటే వాళ్ళే పంపిస్తారు. పొద్దున్నే పోయి ఓపీ చీటీ తీసుకో, ఆధార్ దగ్గరుంచుకో. చీటీ రాసే దగ్గర వివరం చెప్పక్కర్లేదు, 'సర్జరీ ఓపీ' అంటే సరి. డాక్టరు ముందు మాత్రం నాన్చొద్దు: ఎన్నాళ్ళుగా, ఏ పక్క, ఏం చేస్తే ఎక్కువ, పడుకుంటే తగ్గుతుందా, దెబ్బ తగిలిందా. తెర వెనక నిలబెట్టి చూస్తారు, దగ్గమంటారు లేదా ముక్కు మూసి ముక్కమంటారు, పడుకోబెట్టి చూస్తారు. దగ్గినప్పుడు గజ్జలో ఉబ్బెత్తు కొడితే హెర్నియా. చిన్న టార్చి వేసి చూస్తే సంచి ఎర్రగా వెలిగితే నీరు, అంటే వరిబీజం. వెలగకపోతే అది వట్టి నీరు కాదు, వేరే ఏదో. అన్నీ కలిపి ఐదు నిమిషాలు. బోధనాసుపత్రి కాబట్టి మెడికల్ విద్యార్థులు చుట్టూ ఉంటారు. ఇబ్బందైతే 'సార్, తక్కువమంది ఉంటే బాగుంటుంది' అని అడగొచ్చు, తప్పేం కాదు. మీ నాయన కూడా వస్తే తెర బయట ఉండమనొచ్చు.

స్కానింగ్ రాస్తే భయపడకు. జెల్ రాసి పైనుంచే చూస్తారు, పది పదిహేను నిమిషాలు, సూది లేదు. అసలు గొడవ రిపోర్టు చేతికొచ్చాక మొదలౌతుంది, దాన్ని ఫోన్లో పెట్టి వెతుకుతారు కాబట్టి. 'మినిమల్ ఫ్లూయిడ్' అంటే వృషణం చుట్టూ ఉండాల్సిన కాస్త తేమ. 'ఎపిడిడిమల్ సిస్ట్ 3 ఎంఎం' అంటే నీటిపొక్కు, ఏమీ చేయక్కర్లేదు. 'మైక్రోలిథియాసిస్' అంటే సున్నపు చుక్కలు, వేరే ముప్పు ఏదీ లేకపోతే పైన చెప్పినట్టు నెలనెలా చేత్తో చూసుకోవడమే. సిరలు 3 మిల్లీమీటర్లు దాటితే వేరికోసిల్ అని రాస్తారు.

సైజు దగ్గర ఒక మెలిక ఉంది. కుడిది 4.1 × 2.6 × 2.2 సెంటీమీటర్లు అని రాసుందనుకో. మూడూ గుణిస్తే 23.45. కొన్ని మిషన్లు దాన్ని 0.52తో గుణిస్తాయి, 12.2 మిల్లీలీటర్లు వస్తుంది. కొందరు 0.71తో గుణిస్తారు, అదే వృషణం 16.7 అవుతుంది. ఈ ఏడాది ఒక సెంటర్లో 16.7, వచ్చే ఏడాది ఇంకోచోట 12.2 వస్తే వృషణం కుంచించుకుపోయిందని ఏడ్చే కుర్రాళ్ళున్నారు. పోల్చాల్సింది ఒకే రిపోర్టులో కుడిని ఎడమతో. ఎడమది 4.0 × 2.4 × 2.1 అయితే 0.52 లెక్కన 10.5. తేడా 1.7, అంటే కుడిదాంట్లో 14 శాతం. 20 లోపే, కాబట్టి చూస్తూ ఉండటమే.

మిగతావి చప్పున చెప్తాను. గవదబిళ్ళలు వచ్చిన వారానికి వృషణం వాచి జ్వరం వస్తే అది గవదబిళ్ళల వైరసే. సర్కారు ఉచితంగా వేసే ఎంఆర్ టీకాలో గవదబిళ్ళల మందు లేదు, ఎంఎంఆర్‌లో ఉంది, కాబట్టి టీకాలన్నీ వేయించుకున్నా రావచ్చు. నడుము పక్కనుంచి బీజంలోకి దిగే నొప్పి, మూత్రంలో మంట ఉంటే కిడ్నీలో రాయి అయ్యుండొచ్చు. వృషణానికీ మూత్రనాళానికీ నరాలు ఒకే చోటినుంచి వస్తాయి, అందుకే నొప్పి అక్కడ తెలుస్తుంది. తొడల సందున గుండ్రంగా పాకే దురద తామర. మందుల షాపులో స్టెరాయిడ్ కలిసిన ట్యూబు ఇస్తారు, రెండ్రోజులు హాయిగా ఉండి తర్వాత రెట్టింపై పాకుతుంది. చర్మం డాక్టరు రాసిందే వాడు. బంతి తగిలితే గుడ్డలో చుట్టిన ఐసు పది నిమిషాలు. గంటలో నొప్పి దిగకపోయినా, సంచి వాచినా, నల్లబడినా క్యాజువాలిటీకే. బ్యాటింగుకి గార్డు పెట్టుకో, టెన్నిస్ బాల్ అయినా సరే.

ఇంట్లో చెప్పడం. నీకు 18 నిండలేదు, ఆపరేషన్ దాకా వస్తే సంతకం పెట్టాల్సింది మీ నాయనో అమ్మో. అందుకే ముందే ఒకరికి తెలిసి ఉండటం నీకే మేలు. కూర్చోబెట్టి పెద్దగా చెప్పక్కర్లేదు. 'నాయనా, ఆడేటప్పుడు గజ్జల్లో నొప్పొస్తాంది, సర్జన్‌కి చూపించుకోవాల' అంటే చాలు, మిగతాది డాక్టరు అడుగుతాడు. నాయనతో కుదరకపోతే మామ, పెద్ద కజిన్, కాలేజీ పీఈటీ సారు, ఎవరైనా. 104కి ఫోన్ చేసి ముందుగా సలహా అడగొచ్చు. భయంతో నిద్ర పట్టకపోతే టెలీ మానస్ 14416కి చేయి, తెలుగులో మాట్లాడతారు.

స్కానింగు రిపోర్టు పారేయొద్దు. మడిచి పదో తరగతి మార్కుల మెమోతోపాటు పెట్టుకో, తేదీ, సెంటరు పేరు కనిపించేలా ఫోటో కూడా తీసి పెట్టుకో. వచ్చే ఏడాది ఇదే నెలలో, వీలైతే అదే సెంటర్లో మళ్ళీ కొలిపించి, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి సర్జన్‌కి చూపించు.